ఐ కాదండీ, ఆయ్

మా అమ్మాయి కాలేజీ దరఖాస్తుల కోసం ఒక కౌన్సెలర్‌ని పెట్టుకుందామని నేను మొదటిసారి అన్నప్పుడు మా ఆయన చదువుతున్న పేపరు దించి, "కౌన్సిలర్ గారితో మనకేం పని? కుళాయి బాగానే వస్తోంది కదా" అన్నారు. పెద్దాపురంలో కౌన్సిలరంటే వార్డు కౌన్సిలరే. కుళాయి రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా ఆయన ఇంటికే వెళ్తాం. నేను చెప్పేది ఆ కౌన్సిలర్ గురించి కాదనీ, రాజమండ్రిలో ఒకావిడ ఉన్నారనీ, ఏ పిల్లకి ఏ కాలేజీ సరిపోతుందో చూసి దరఖాస్తు దగ్గర్నుంచి ఇంటర్వ్యూ దాకా దగ్గరుండి నడిపిస్తారనీ వివరించాను. ఆయన అంతా విని, "సంబంధాలు చూసే ఆవిడన్నమాట" అని మళ్ళీ పేపరెత్తారు.

నాకు ఒళ్ళు మండింది. మండినప్పుడు నేను కూర్చోలేను. వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

అసలీ గొడవ ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మా వైపు ఎంపీసీ పిల్లల దారి వాళ్ళు పుట్టకముందే వేసి ఉంటుంది. ఎంసెట్ రాయాలి, వెబ్ ఆప్షన్లు పెట్టాలి, కంప్యూటర్స్‌లో సీటు తెచ్చుకోవాలి. ఇది ఆ దారిలోనే బుద్ధిగా నడుస్తూ ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఉత్తరాదిన ఒక యూనివర్సిటీ ఉందట. అక్కడ చరిత్ర చదువుతుందట. ర్యాంకుతో పని లేదు గానీ తన గురించి తను ఒక వ్యాసం రాయాలట, పెద్దవాళ్ళ ముందు కూర్చుని మాట్లాడాలట, వాళ్ళకి నచ్చితే ఫీజు కూడా వాళ్ళే చూసుకుంటారట. చరిత్ర మా ఇంటా వంటా లేని చదువు. ఆ సంగతి గొంతు దిగడానికి నాకే చాలా రోజులు పట్టింది. మా ఆయనకి అసలు దిగనే లేదు.

మా ఆయన అరిచే మనిషి కాదు. కరెంటాఫీసులో గుమస్తా. పై అధికారి ఏమన్నా ఆయ్ అంటారు, కింది ఉద్యోగి ఏమన్నా నవ్వుతారు. ఇంట్లో నచ్చనిది ఏదైనా జరిగితే మాత్రం పెరట్లోకి పోయి మొక్కలకి నీళ్ళు పోస్తారు. ఆ శీతాకాలమంతా పోసిన నీళ్ళకి మా బంతి మొక్కలు కుళ్ళిపోయాయి. "ముందు సీటు రానీ, అప్పుడు చూద్దాం" అన్నారు అంతే. రాదులే అన్న ధీమా అందులో నాకు బాగానే వినిపించింది. మా అమ్మాయికీ వినిపించినట్టుంది. నాతో విడిగా, "సీటొచ్చినా నాన్నగారు ఒప్పుకోకపోతే నేను వెళ్ళనమ్మా" అంది. అంటే సీటొక గుమ్మం, వాళ్ళ నాన్న ఒక గుమ్మం. రెండూ దాటితే తప్ప అది కోరుకున్నది దక్కదు.

అది మాత్రం హాయిగా తిని పడుకునేది. నిద్ర పట్టనిది నాకు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని మా ఆయన ఎద్దేవా చేసేవారు. నాకు చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. క్లాసులో నా కుర్చీ మీద పిల్లలు పుస్తకాలు పేర్చుకుంటారు, నేనెలాగూ కూర్చోనని వాళ్ళకి తెలుసు.

అలా మొదలైంది మా ఆదివారాల ప్రయాణం. పొద్దున్నే బస్సెక్కి, రాజానగరం మీదుగా రాజమండ్రి చేరి, ఆటోలో దానవాయిపేటకి. కౌన్సెలర్ గారు పుట్టి పెరిగింది బెంగళూరులో. రాజమండ్రి కోడలై వచ్చి మేడ మీద గదిలో ఈ పని పెట్టుకున్నారు. తెలుగు చక్కగానే మాట్లాడతారు, కాకపోతే అచ్చు పుస్తకంలా మాట్లాడతారు. మొదటి రోజే నాకు ఇంగ్లీషొచ్చని చూపించుకుందామని మా అమ్మాయి వ్యాసం నేనే దిద్ది తీసుకెళ్ళాను. ఆవిడ రెండు పేరాలు చదివి, "ఇది ఎవరు రాశారండి?" అని అడిగారు. మా అమ్మాయి నా వైపు చూసింది. "చాలా బాగుంది. కానీ సీటు మీకు కాదు కదా, పాపకి కదా" అని ఆవిడ నవ్వుతూనే ఆ కాగితం నా చేతికి తిరిగిచ్చేశారు. తర్వాత, పిల్లలతో మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు వరండాలో ఉండాలని, అది తన పద్ధతని చెప్పారు. ఇంతకాలం ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పిన దాన్ని, నా పిల్ల చదువు దగ్గర నన్ను బయట నిలబెట్టారు. ఆ వరండాలో కాలుగాలిన పిల్లిలా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే కింద వాటాలో వాళ్ళు పైకి తొంగి చూసేవారు.

ఇక్కడ ఇది జరుగుతుంటే ఊళ్ళో ఇంకొకటి జరిగింది. మేం లూథరన్లం. నేనూ అమ్మాయీ వరసగా ఆదివారాలు ఆరాధనకి కనబడకపోయేసరికి పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారని పిలుస్తాం ఆవిడని, ఒంటరిగా వచ్చిన మా ఆయన్ని ఆపి అడిగారట. ఈ మహానుభావుడు, "అమ్మాయికి కౌన్సెలింగండి, రాజమండ్రిలో. ప్రతి ఆదివారం తీసుకెళ్ళాలండి" అని చెప్పి వచ్చేశారు.

ఎంసెట్ కౌన్సెలింగ్ ఎండలు ముదిరాక గానీ జరగదని మా సంఘంలో సండే స్కూలు పిల్లలకి కూడా తెలుసు. పరీక్షే రాయని పిల్లకి కౌన్సెలింగేంటి? ఇక మిగిలినవి రెండే. ఒకటి ప్రేమ వ్యవహారాల్లో పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టి ఇచ్చేది, రెండోది మనసు బాగోలేకపోతే ఆసుపత్రిలో ఇచ్చేది. ఏదైతేనేం, ప్రార్థన అవసరమని స్త్రీల సమాజం వాళ్ళు తేల్చుకున్నారు. ఒక సాయంత్రం అమ్మగారితో కలిసి ఇంటికొచ్చారు. చేతిలో బత్తాయిలు, బ్రెడ్డు. రోగిని చూడ్డానికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళేవి.

"భయపడకమ్మా. అందరి ఇళ్ళల్లోనూ ఉండేవే ఇవి" అని అమ్మగారు మా అమ్మాయి తల నిమిరారు. దానికి విషయం అర్థమైపోయింది. అల్లరిది, నోరు విప్పి చెప్పొచ్చు కదా, చెప్పలేదు. తల వంచుకుని, ఆవిడ చెప్పిన ప్రతిదానికీ ఆయ్, ఆయ్ అంటూ కూర్చుంది. "ప్రభువా, ఈ బిడ్డ మనసును నీ స్వాధీనంలోకి తీసుకో" అని ప్రార్థన మొదలయ్యేసరికి దాని భుజాలు కదిలిపోతున్నాయి. నవ్వు ఆపుకోలేక. "ఏడవకు తల్లీ, ఏడవకు" అని పక్కన కూర్చున్నావిడ కన్నీళ్ళు పెట్టుకుంది. ఆమెన్ అన్నాక నేను అసలు సంగతి చెప్పాను. అమ్మగారు ఒక్క క్షణం తెల్లబోయి, "పోన్లెండి, ఎందుకైనా మంచిది. చేసిన ప్రార్థన ఊరికే పోదు కదండీ" అన్నారు. బత్తాయిలు మాత్రం తీపిగా ఉన్నాయి.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. వ్యాసం పంపడం అయిపోయి, ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. కౌన్సెలర్ గారు ముందుగా ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టించారు. పుణేలో ఆవిడకి తెలిసిన ఒక పెద్దాయన, లాప్‌టాప్‌లో కనబడి, అసలు ఇంటర్వ్యూలో లాగే మాట్లాడి, తన అభిప్రాయం రాసి పంపుతారు. ఆయన పంపింది కౌన్సెలర్ గారు నాకు చదివి వినిపించారు. అమ్మాయి తెలివైనదే. చదివింది, ఆలోచిస్తుంది. కానీ ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో మాటిమాటికీ "ఐ" అని మొదలుపెట్టి అక్కడితో ఆపేస్తోంది. చెప్పమని ఆగితే చెప్పదు. తన గురించి తను చెప్పుకోవడానికి లోపల ఏదో అడ్డుపడుతున్నట్టుంది. అది బాగుపడకపోతే ఈ సీటు కష్టం.

"మనసు విప్పి మాట్లాడించే వాళ్ళెవరికైనా ఒకసారి చూపిస్తే మంచిదేమో" అని కౌన్సెలర్ గారు మెల్లిగా అన్నారు. స్త్రీల సమాజం వాళ్ళు తొందరపడ్డారే గానీ తప్పుగా అనుకోలేదా? నా పిల్ల 'నేను' అని మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోతోందా? నేను దాన్ని అంతలా తొక్కేశానా? నా నోరు పెద్దదే, ఒప్పుకుంటాను. క్లాసులో పిల్లలు నా అడుగు చప్పుడుకే పుస్తకాలు తెరుస్తారు. ఇంట్లో కూడా అంతే అయిందా?

ఆ వారమంతా నేను మనిషిని కాను. పాఠం చెప్తూ చెప్తూ చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. ఇంటికొచ్చి, "నీకు మామీద ఏమైనా కోపముంటే చెప్పవే" అని దాన్ని చంపుకు తినేదాన్ని. అది, "ఏంటమ్మా నీ గోల?" అనేది. "నేను అన్న మాటతో పది వాక్యాలు చెప్పు" అని భోజనాల దగ్గర పరీక్ష పెట్టాను. గడగడా పది చెప్పి, పదకొండోది "నేను ఇంక తినలేను" అని లేచిపోయింది. మరి అక్కడేం వచ్చింది దీనికి?

తర్వాతి ఆదివారం మళ్ళీ అదే పెద్దాయనతో ఇంటర్వ్యూ. నేను మళ్ళీ వరండాలోనే. ఎండగా ఉందని కిటికీ రెక్క ఒకటి ఓరగా తీశారు. ఆ పక్క నుంచి నడుస్తుంటే ఆయన ఇంగ్లీషు వినబడింది. మా యూనివర్సిటీలో మొదటి ఏడాది అన్ని సబ్జెక్టులూ చదవాలమ్మా, అంటున్నారు. మా అమ్మాయి అంది.

"ఆయ్."

ఆయన ఆగిపోయారు. "చెప్పమ్మా" అన్నారు. మా అమ్మాయి, "లేదండి, మీరు చెప్పండి" అంది ఇంగ్లీషులో. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు, రెండో ఏడాది నుంచి మాత్రం... "ఆయ్" అంది ఇది. ఆయన మళ్ళీ ఆగారు.

నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను. పద్ధతీ లేదు, పాడూ లేదు. "మేడమ్, అది ఐ కాదండీ! ఆయ్!"

కౌన్సెలర్ గారు బిత్తరపోయి చూశారు. "రెండూ ఒకటే కదండీ?"

"వినడానికి ఒకటేనండి. ఐ అంటే నేను. ఆయ్ అంటే..." అని నేను ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు చెప్తున్న నాకు ఆ ఒక్క మాటకి ఇంగ్లీషు దొరకలేదు. అవును అనుకుందామంటే, దేనికీ అవునననక్కర్లేకుండానే అంటాం. సరే అనుకుందామంటే ఒప్పుకున్నట్టు కాదు. "మా వైపు పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే అలా అంటారండి" అన్నాను చివరికి. తెర మీద పుణే పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. మా అమ్మాయి బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతోంది.

నవ్వయ్యాక కౌన్సెలర్ గారు సూటిగా చెప్పారు. "సంతోషం, పాపకి ఏ సమస్యా లేదు. కానీ ఆ ఇంటర్వ్యూలో మీరు తలుపు తోసుకుని వచ్చి చెప్పలేరు కదా. ఆ మాట మానెయ్యాలి." నేను ఆవిడకంటే గట్టిగా, "మానిపిస్తానండి" అన్నాను.

అంత గట్టిగా అనడానికి నా కారణం నాకుంది. ఆ మాట మా పుట్టింట్లో లేదు. మా తాత కూలి. ఆసామి అరుగు మీద కూర్చుని ఏదో చెప్తుంటే తను కింద నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, ఆయ్ ఆయ్ అనేవాడట. మా నాన్న అప్పుడు పిల్లాడు, పక్కనే నిలబడి చూసేవాడు. చదువుకుని బళ్ళో మేష్టారయ్యాక, ఇంట్లో ఎవరూ ఆ మాట అనకూడదని చెప్పేశారు. అండి అనండి, గారు అనండి, ఆయ్ మాత్రం వద్దన్నారు. నేను పొరపాటున ఎవరి దగ్గరో విని వచ్చి అంటే ఆ పూట నాతో మాట్లాడలేదు. మా ఆయనది కోనసీమ. అక్కడ ఆ మాట లేకుండా పలకరింపే లేదు. నాకు మన్యంలో పోస్టింగు వచ్చినప్పుడు పిల్లని మా అత్తగారి దగ్గర ఉంచాం. మాటలన్నీ అక్కడే నేర్చింది. కథ చెప్తుంటే ఊ కొడితే ఆవిడ ఒప్పుకునేవారు కాదు, ఆయ్ అనమనేవారు. తిరిగొచ్చేసరికి అది దాని ఊపిరిలో కలిసిపోయింది. నేను వినీ వినీ వినడం మానేశాను.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తే మా ఆయన మొహం చిన్నబోయింది. "మా అమ్మ నేర్పిన మాట తప్పయిందా?" అన్నారు.

"తప్పని కాదండి. మనవాళ్ళు అరుగుల కింద నిలబడి అన్న ఆయ్‌లు చాలు. నా పిల్ల అనక్కర్లేదు" అన్నాను.

"అరుగులేంటి? మా ఊళ్ళో ఆసామి ఎమ్మార్వో గారితో అంటాడు. ఎమ్మార్వో గారు కలెక్టర్ గారితో అంటారు. అది మర్యాద."

"మర్యాదైతే ఆసామి మా తాతతో ఒక్కసారైనా ఎందుకనలేదు?"

ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. కుళాయి చప్పుడు చాలాసేపు వినబడింది.

నేను మానిపించడం మొదలుపెట్టాను. అది ఆయ్ అన్నప్పుడల్లా గరిటెతో బల్ల మీద టంగుమని కొట్టేదాన్ని. మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది, ఆ తర్వాత అనడం మానేసింది. ఆయ్ పోయింది, దాంతోపాటు ఇంకేదో కూడా పోయింది. భోజనాల దగ్గర మా ఆయన ఆఫీసు కబుర్లు చెప్పడం మామూలు. ఎక్కడ లైను తెగింది, ఎవరు మీటరు తిప్పేశారు, ఇలాంటివి. అది ఆయ్, ఆయ్ అంటూ వింటుంటే ఆయనకి ఊపొచ్చేది. ఇప్పుడది పెదవులు బిగించుకుని కళ్ళు పెద్దవి చేసి చూస్తూ కూర్చుంటోంది. ఆయన ఒకరోజు సగంలో ఆగి, "వింటున్నావా?" అన్నారు. "వింటున్నానండి" అంది. ఆయన మిగతాది చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి భోజనాలు నిశ్శబ్దంగా అయిపోయేవి. సీటు వస్తే అన్నీ సర్దుకుంటాయని నాకు నేను చెప్పుకున్నాను.

అసలు ఇంటర్వ్యూ కౌన్సెలర్ గారి గదిలోనే. మా ఊళ్ళో నెట్ మీద నమ్మకం లేదు. ఈసారి ఆవిడ నన్ను వరండాలో కూడా ఉండనివ్వలేదు. "దయచేసి ఈ వీధిలోనే ఉండొద్దండి" అన్నారు. ఆటో ఎక్కి గోదావరి గట్టుకి వెళ్ళాను. జనం అక్కడికి మనశ్శాంతి కోసం వస్తారు. ఆ నీళ్ళు అంత నింపాదిగా ఉండటం చూస్తే నాకు ఇంకా చిరాకేసింది. ఒక మెట్టు మీద కూర్చున్నాను, లేచాను, ఇంకో రేవుకి నడిచాను. రోజ్‌మిల్క్ కొని రెండు గుక్కలు తాగి వదిలేశాను. లోపల ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. సీటు రావాలని అడగబోతే, వస్తే అది అంత దూరం వెళ్ళిపోతుంది కదా అనిపించేది. రాకూడదని అడగడానికి నోరెలా వస్తుంది? దేవుడికి నా మొహం చూసి ఏమర్థమైందో ఆయనకే తెలియాలి.

నేను తిరిగొచ్చేసరికి అది మెట్లు దిగుతోంది. మొహం వెలిగిపోతోంది. "ఎలా చేశావే? ఆయ్ అనలేదు కదా?" అన్నాను.

"ముందే చెప్పేశానమ్మా" అంది.

"ఏం చెప్పావు?"

"మీరు మాట్లాడుతుంటే మధ్యలో నేనొక మాటంటాను, అది ఐ లాగా వినబడుతుంది గానీ ఐ కాదు, మీరు చెప్పండి, నేను ఇక్కడే ఉన్నాను, వింటున్నాను అని దానర్థం అని చెప్పాను. వాళ్ళకి భలే నచ్చింది. ఆ మాట ఎవరు ఎవరితో అంటారని అడిగారు."

నా కాళ్ళు ఆగిపోయాయి. "నువ్వేమన్నావు?"

"నిజమే చెప్పాను. నాయనమ్మ నేర్పిందనీ, మా అమ్మావాళ్ళింట్లో అనరనీ."

"ఎందుకనరో చెప్పావా?"

"చెప్పాను. ముత్తాత సంగతి కూడా చెప్పాను."

నడివీధిలో దాని మీద అరిచాను. ఇంటి సంగతులు ఎవరో పరాయివాళ్ళ ముందు పెడతావా? మా నాన్న జీవితాంతం బయట నోరు విప్పని సంగతి, నీకు సీటు కోసం పనికొచ్చిందా? ఇంకా ఏమేం అన్నానో నాకే గుర్తు లేదు. అది అంతా విని, "చరిత్ర చదువుతానని వెళ్తున్నానమ్మా. మనింట్లో ఉన్నది దాచిపెట్టి ఊళ్ళోవాళ్ళది ఏం చదవను?" అంది. నాకు కోపం తగ్గలేదు. బస్సులో ఇద్దరం చెరో వైపు చూస్తూ కూర్చున్నాం. రాజానగరం దాటాక అది నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను. అంతసేపు నేను కదలకుండా ఉన్నది ఈమధ్య కాలంలో అదొక్కసారే.

ఆ తర్వాత ఎదురుచూపులు. ఇంటర్ పరీక్షలు వచ్చాయి, పోయాయి. ఎంసెట్‌కి అది చదువుతూనే ఉంది. చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు నన్ను చూసి ఇంకా మెల్లిగా, "పాప ఎలా ఉందండీ ఇప్పుడు?" అని అడుగుతూనే ఉన్నారు. అది చదువుకుంటుంటే ఊరికే గదిలోకి వెళ్ళి దాని ఫోను వైపు చూసి వచ్చేదాన్ని. "మెయిల్ వస్తే నీకు చెప్పనా?" అని తిట్టేది.

చెప్పింది. నేను దొండకాయలు తరుగుతున్నాను. వచ్చి ఫోను నా కళ్ళ ముందు పెట్టింది. సీటొచ్చింది. ఫీజు కూడా వాళ్ళదే. దాన్ని పట్టుకుని ఏడ్చాను. సంతోషంతో ఎంత, భయంతో ఎంత అంటే చెప్పలేను.

సాయంత్రం మా ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని కుర్చీలో కూర్చున్నారు. అది ఎదురుగా నిలబడి చెప్పింది. ఆయన పెరటి వైపు చూశారు. ఇప్పుడు లేచి వెళ్ళిపోతారనుకుంటూ నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన లేవలేదు. "కూర్చో" అన్నారు. అది కూర్చున్నాక, "చరిత్ర అంటే అక్కడేం చెప్తారు?" అని అడిగారు. ఇన్ని నెలల్లో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు.

అది చెప్పడం మొదలుపెట్టింది. రాజులూ యుద్ధాలే కాదండీ అంది. మామూలు మనుషులు ఏం తిన్నారు, ఎవరి పొలంలో చేశారు, ఎవరు ఎవరి ముందు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఇవన్నీ ఎలా తెలుసుకోవాలో నేర్పుతారంది. రాసిపెట్టని సంగతులు మాటల్లో ఎలా మిగిలిపోతాయో చెప్పింది. నాకు తెలియనివే చాలా చెప్పింది. దాని నోటి వెంట అంత పెద్ద మాటలు, అంత ధైర్యంగా రావడం నేనెప్పుడూ వినలేదు. మా ఆయన ముందుకు వంగి వింటున్నారు. వింటూ వింటూ ఒకచోట, "ఆయ్" అన్నారు.

అది ఒక్క క్షణం ఆగింది. ఆయనకి తను ఏమన్నారో తెలియలేదు. మొహం ఎత్తి, చెప్పు అన్నట్టు చూస్తున్నారు. అది చెప్తూ పోయింది. కాసేపటికి ఆయన మళ్ళీ అన్నారు. పై అధికారితో అనేటప్పుడు ఉండే గొంతే అది, ఏ మార్పూ లేదు. తనకంటే చిన్నవాళ్ళతో ఆ మాట అనగా ఆయన నోట నేను వినలేదు. ఆయన నోటే కాదు, ఎవరి నోటా వినలేదు.

చివరికి అది, "వెళ్ళమంటారా నాన్నగారూ?" అంది.

"ఆయ్" అన్నారాయన. "వెళ్ళమ్మా."

ఆ మాట అంటే నాకు ఇప్పటికీ పడదు. అయినా ఆ సాయంత్రం, ఆయన ఇంకొక్కసారి అంటారేమోనని, తడి చేతులతో ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.